హిట్లర్‌కి అధికారం ఎవరిచ్చారు? 1930–33 జర్మనీ గురించి

గ్రూప్-1కి చదువుతున్నానని చెప్పి మీరు రెండు విషయాలు అడిగారు. వర్సాయి సంధి, 1923 ద్రవ్యోల్బణం, 1929 మాంద్యం, ఈ మూడూ రాస్తే జర్మనీలో ప్రజాస్వామ్యం ఎందుకు కూలిందో చెప్పినట్టేనా అన్నది మొదటిది. హిట్లర్‌ని జర్మన్లే మెజారిటీ ఓట్లతో గెలిపించుకున్నారన్నది నిజమేనా అన్నది రెండోది.

రెండోదానికి జవాబు చిన్నది: నిజం కాదు. స్వేచ్ఛగా జరిగిన ఏ జాతీయ ఎన్నికలోనూ నాజీ పార్టీకి సగం ఓట్లు రాలేదు. 1932 జూలైలో వచ్చిన 37 శాతం పైచిలుకే వాళ్లు అందుకున్న గరిష్ఠం. మొదటిదానికి జవాబు పొడుగు. మీరు చెప్పిన మూడు కారణాలూ జనానికి కోపం ఎందుకొచ్చిందో చెబుతాయి. ఆ కోపం ఛాన్సలర్ (ప్రభుత్వాధినేత) కుర్చీ దాకా ఎలా వెళ్లిందో చెప్పవు. డిగ్రీ కాలేజీలో ఆధునిక ఐరోపా చరిత్ర చెప్పినన్నాళ్లూ పిల్లలు ఎక్కువగా తడబడింది ఇక్కడే.

ముందు ద్రవ్యోల్బణం సంగతి తేలుద్దాం. 1923 నవంబర్‌లో ఒక డాలర్ కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావాలి. బెర్లిన్‌లో ఒక రొట్టె ధర 20,000 కోట్ల మార్కుల దాకా పోయింది. యుద్ధ బాండ్లు కొన్నవాళ్లు, బ్యాంకులో నాలుగు డబ్బులు దాచుకున్న టీచర్లు, పెన్షనర్లు నిలువునా మునిగిపోయారు. హిట్లర్ మ్యూనిక్‌లో తిరుగుబాటుకి దిగింది సరిగ్గా ఆ నెలలోనే. అది ఒక్క రాత్రిలో విఫలమైంది. అతని మనుషులు 16 మంది, పోలీసులు నలుగురు చనిపోయారు. రాజద్రోహానికి అతనికి పడింది ఐదేళ్ల శిక్ష, తీర్పు తర్వాత లోపలున్నది ఏడాది కూడా కాదు. అప్పటికి అతను ఆస్ట్రియా పౌరుడు, చట్టప్రకారం దేశం నుంచి పంపేయొచ్చు. జడ్జీలు ఆ పని చేయలేదు. 1918 దాకా ఏలిన చక్రవర్తి, కైజర్ కాలపు జడ్జీలే తర్వాత వచ్చిన రిపబ్లిక్ కోర్టుల్లోనూ కూర్చున్నారు, వాళ్ల మనసు ఎటుందో ఈ తీర్పు చెబుతుంది.

ఆ తర్వాత కొత్త కరెన్సీ వచ్చింది, ధరలు నిలబడ్డాయి, అమెరికా అప్పులు వచ్చాయి. 1928 మే ఎన్నికల్లో నాజీలకి వచ్చింది 2.6 శాతం ఓట్లు, 12 సీట్లు. అంటే ద్రవ్యోల్బణం పోయిన నాలుగున్నరేళ్లకి వాళ్లు దాదాపు లేనట్టే. కాబట్టి "ద్రవ్యోల్బణం వల్ల హిట్లర్ వచ్చాడు" అని నేరుగా రాయకండి. అది మధ్యతరగతికి రిపబ్లిక్ మీద నమ్మకాన్ని దెబ్బతీసింది, అంతవరకే రాయండి.

వర్సాయిది కూడా ఇలాంటి కథే. సంధి కఠినమైనదే: సైన్యం లక్షకి మించకూడదు, 231వ అధికరణం యుద్ధ నష్టాల బాధ్యతంతా జర్మనీ, దాని మిత్రుల మీద పెట్టింది, 1921లో పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులుగా తేల్చారు. కానీ సంధి షరతుల కంటే ఎక్కువ హాని చేసింది ఓటమి గురించి చెప్పిన అబద్ధం. 1918 సెప్టెంబర్ 29న కాల్పుల విరమణ వెంటనే అడగండని పట్టుబట్టింది సైన్యాన్ని నడిపిన లూడెన్‌డార్ఫ్, హిండెన్‌బర్గులే. సంతకం పెట్టడానికి మాత్రం సెంటర్ పార్టీ నాయకుడు మథియాస్ ఎర్జ్‌బర్గర్‌ని పంపారు. ఏడాది తిరిగేసరికి అదే హిండెన్‌బర్గ్ పార్లమెంటు విచారణ సంఘం ముందు నిలబడి, సైన్యాన్ని వెనక నుంచి పొడిచారు అన్నాడు. 1921లో ఎర్జ్‌బర్గర్‌ని కాల్చి చంపారు. 1922లో విదేశాంగ మంత్రి వాల్టర్ రాతెనౌని చంపారు. 1925లో ఆ హిండెన్‌బర్గ్‌నే జర్మన్లు దేశాధ్యక్షుడిగా ఎన్నుకున్నారు. రిపబ్లిక్‌ని ఏనాడూ మనసారా ఒప్పుకోని మనిషి చేతికి రిపబ్లిక్ తాళాలు వెళ్లాయి.

ఆ తాళాలేమిటో తెలియకపోతే తర్వాత జరిగిందేదీ అర్థం కాదు. 1919 వైమార్ రాజ్యాంగంలో, అంటే ఆ రిపబ్లిక్ రాజ్యాంగంలో, మూడు అధికరణాలు గుర్తుపెట్టుకోండి. 53వది: ఛాన్సలర్‌ని నియమించేదీ తొలగించేదీ అధ్యక్షుడే. 25వది: పార్లమెంటుని, అంటే రీచ్‌స్టాగ్‌ని, అధ్యక్షుడు రద్దు చేయొచ్చు. 48వది: శాంతిభద్రతలకి ముప్పు వస్తే అధ్యక్షుడు అత్యవసర ఉత్తర్వులు ఇవ్వొచ్చు, పౌరహక్కుల్ని తాత్కాలికంగా ఆపొచ్చు. ఉత్తర్వు నచ్చకపోతే రద్దు చేయమని అడిగే హక్కు రీచ్‌స్టాగ్‌కి ఉంది. అలా అడిగిన రీచ్‌స్టాగ్‌నే 25వ అధికరణం కింద ఇంటికి పంపితే? కొత్త ఎన్నికలకి 60 రోజుల గడువు, ఈలోగా ఉత్తర్వులదే రాజ్యం. విడివిడిగా చూస్తే ఏ అధికరణంలోనూ పెద్ద తప్పు కనిపించదు. మూడూ ఒకే చేతిలో, ఒకే ఉద్దేశంతో పనిచేస్తే పార్లమెంటు లేకుండానే దేశాన్ని నడపొచ్చు.

మీ సిలబస్‌లో వైమార్ పేరు తగిలేది సాధారణంగా "ఎమర్జెన్సీలో ప్రాథమిక హక్కుల నిలిపివేత" దగ్గర, ఒక మార్కు బిట్‌గా. 1949లో మన రాజ్యాంగ సభలో హెచ్.వి. కామత్ ఆ ఎమర్జెన్సీ అధికరణాల్ని వ్యతిరేకిస్తూ, హిట్లర్ సరిగ్గా ఇలాంటివే వాడుకుని రాజ్యాంగాన్ని కూల్చాడని వైమార్‌నే ఎత్తిచూపారు. ఆ బిట్ వెనక ఇంత చరిత్ర ఉంది.

48ని మొదట విరివిగా వాడింది సోషల్ డెమోక్రాట్ అయిన తొలి అధ్యక్షుడు ఎబర్ట్. వందసార్లకు పైగా వాడాడు. తిరుగుబాట్లు, కరెన్సీ పతనం మధ్య రిపబ్లిక్‌ని కాపాడడానికి వాడాడు, అప్పట్లో అతని వెనక పనిచేసే పార్లమెంటు ఉంది. 1930 నుంచి జరిగింది వేరు. పార్లమెంటుని పక్కన పెట్టడానికే దాన్ని వాడారు.

అసలు మలుపు 1930 మార్చి 27. సోషల్ డెమోక్రాట్ హెర్మన్ ముల్లర్ నడిపిన సంకీర్ణం ఆ రోజు పడిపోయింది. గొడవ నిరుద్యోగ బీమా చందా 3.5 శాతం నుంచి 4 శాతానికి పెంచాలా వద్దా అని! మాంద్యం మొదలైంది, బీమా నిధి ఖాళీ అవుతోంది. యజమానుల వైపు పార్టీ పెంపు వద్దంది, కార్మిక సంఘాల వైపున్న సోషల్ డెమోక్రాట్లు రాజీ వద్దన్నారు. ఇద్దరికీ రాజీ కుదర్చగల విదేశాంగ మంత్రి స్ట్రెస్‌మన్ ఆరు నెలల ముందే, 1929 అక్టోబర్‌లో చనిపోయాడు. ఆ అర శాతం దగ్గర పట్టువిడుపు చూపించి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. కానీ పార్లమెంటు మెజారిటీతో ఏర్పడి పనిచేసిన ఆఖరి ప్రభుత్వం అదే. ప్రజాస్వామ్యం అంతం 1933లో మొదలైందని రాస్తారు. నా దృష్టిలో అది మొదలైంది ఇక్కడ.

తర్వాతి ఛాన్సలర్ బ్రూనింగ్ జూలైలో తన ఆర్థిక బిల్లుని రీచ్‌స్టాగ్ తిరస్కరిస్తే, దాన్నే 48 కింద ఉత్తర్వుగా తెచ్చాడు. రీచ్‌స్టాగ్ ఆ ఉత్తర్వునీ రద్దు చేసింది. హిండెన్‌బర్గ్ రీచ్‌స్టాగ్‌నే రద్దు చేశాడు. మాంద్యం నడుమ, ఎవరూ అడగని ఎన్నికలు 1930 సెప్టెంబర్ 14న జరిగాయి. నాజీలు 12 సీట్ల నుంచి 107కి ఎగబాకారు. నాజీలకి భయపడిన సోషల్ డెమోక్రాట్లు ఆ తర్వాత బ్రూనింగ్ ఉత్తర్వుల్ని అడ్డుకోవడం మానేశారు. 1931లో రీచ్‌స్టాగ్ చేసిన చట్టాలు 34, అధ్యక్షుడి ఉత్తర్వులు 44. 1932లో చట్టాలు 5, ఉత్తర్వులు అరవై దాకా. ఆ ఏడాది మొత్తం రీచ్‌స్టాగ్ కూర్చుంది 13 రోజులు. హిట్లర్ రావడానికి ముందే పార్లమెంటు లేకుండా బతకడం దేశానికి అలవాటైపోయింది.

ఆ ఉత్తర్వులతో బ్రూనింగ్ చేసిందేమిటి? జీతాలు కోశాడు, పన్నులు పెంచాడు, ఖర్చు తగ్గించాడు. పరిహారం కట్టలేమని ప్రపంచానికి నిరూపించాలన్న లెక్క కూడా అతనికి ఉంది. 1932 తొలి నెలల్లో నమోదైన నిరుద్యోగులు 60 లక్షలు. పరీక్షలో చాలామంది తప్పు రాసేది ఇంకోటి: ఉద్యోగం పోయిన కార్మికులంతా నాజీలకి ఓటేశారని. వాళ్లలో ఎక్కువమంది కమ్యూనిస్టుల వైపు వెళ్లారు. నాజీల బలం ప్రొటెస్టెంట్ పల్లెల్లో, అప్పుల్లో ఉన్న రైతుల్లో, చిన్న దుకాణదారుల్లో, పెన్షనర్లలో ఉంది. కాథలిక్ ప్రాంతాలు చాలావరకు సెంటర్ పార్టీనే అంటిపెట్టుకున్నాయి.

1932 వసంతంలో అధ్యక్ష ఎన్నిక వచ్చింది. హిట్లర్‌ని ఆపడానికి సోషల్ డెమోక్రాట్లు 84 ఏళ్ల హిండెన్‌బర్గ్‌కే ఓటేయాల్సి వచ్చింది. రెండో రౌండ్‌లో ఆయనకి 53 శాతం, హిట్లర్‌కి 36.8. గెలిపించిన బ్రూనింగ్‌ని ఆయన మే నెలాఖరుకే ఇంటికి పంపి, జనంలో ఏ బలమూ లేని ఫ్రాంజ్ ఫాన్ పాపెన్‌ని తెచ్చుకున్నాడు. జూలై 20న పాపెన్ 48నే వాడి ప్రష్యాలోని సోషల్ డెమోక్రాట్ ప్రభుత్వాన్ని తొలగించాడు. ప్రష్యా అంటే జర్మనీలో మూడింట రెండొంతులకి కాస్త తక్కువ, దేశంలోకెల్లా పెద్ద పోలీసు బలగం. అక్కడి మంత్రులు కోర్టుకి వెళ్లారు తప్ప ఎదురు నిలవలేదు. ఆరు నెలల తర్వాత ఆ పోలీసులు ఎవరి చేతికి వెళ్లారో చూస్తే ఈ రోజు ఎంత ముఖ్యమో అర్థమవుతుంది.

జూలై 31 ఎన్నికల్లో నాజీలకి 608లో 230 సీట్లు వచ్చాయి. పెద్ద పార్టీ కాబట్టి వాళ్ల నాయకుడు గోరింగ్ స్పీకర్ అయ్యాడు. సెప్టెంబర్ 12 సమావేశాన్ని కాస్త దగ్గరగా చూడండి. కమ్యూనిస్టులు పాపెన్ మీద అవిశ్వాసం వెంటనే ఓటింగ్‌కి పెట్టాలన్నారు. ఒక్క సభ్యుడు కాదంటే ఆగేది, ఎవరూ అనలేదు. రద్దు ఉత్తర్వు వెంట తెచ్చుకోని పాపెన్, అరగంట విరామంలో మనిషిని పంపి ఎర్ర ఫోల్డర్ తెప్పించాడు. సభ మొదలయ్యాక దాన్ని చేతిలో పట్టుకుని మాట్లాడతానని లేచాడు. గోరింగ్ అటు చూడకుండా, ఓటింగ్ మొదలైందన్నాడు. పాపెన్ ఆ కాగితాన్ని స్పీకర్ బల్ల మీద పెట్టి మంత్రులతో బయటికి నడిచాడు. ఫలితం: వ్యతిరేకంగా 512, అనుకూలంగా 42. దేశాన్ని నడుపుతున్న ప్రభుత్వానికి ప్రజాప్రతినిధుల్లో ఉన్న మద్దతు అంతే. అయినా రద్దు ఉత్తర్వే చెల్లింది.

నవంబర్ 6న మళ్లీ ఎన్నికలు. ఈసారి నాజీలు 20 లక్షల ఓట్లు పోగొట్టుకుని 33.1 శాతానికి, 196 సీట్లకి దిగారు. పార్టీ ఖజానా ఖాళీ, ముఖ్య నేత గ్రెగర్ స్ట్రాసర్ పదవులన్నిటికీ రాజీనామా చేశాడు. నాజీల ముప్పు గడిచిందని కొత్త సంవత్సరం నాడు కొన్ని పత్రికలు రాశాయి కూడా. సోషల్ డెమోక్రాట్లు, కమ్యూనిస్టులు కలిస్తే 221 సీట్లు, నాజీల కంటే ఎక్కువ. కలవలేదు. మాస్కో గీసిన గీత ప్రకారం కమ్యూనిస్టులకి సోషల్ డెమోక్రాట్లు "సోషల్ ఫాసిస్టులు".

అంటే హిట్లర్ ఎదుగుతున్నప్పుడు కాదు, దిగజారుతున్నప్పుడు అధికారంలోకి తెచ్చారు. పాపెన్ తర్వాత ఛాన్సలర్ అయిన జనరల్ ష్లైఖర్ మీద పాపెన్‌కి పగ. 1933 జనవరి 4న కొలోన్‌లో బ్యాంకర్ కుర్ట్ ఫాన్ ష్రోడర్ ఇంట్లో పాపెన్, హిట్లర్ రహస్యంగా కలిశారు. తర్వాత బెర్లిన్‌లో నాజీ పార్టీ మనిషి రిబెన్‌ట్రాప్ ఇంట్లో జరిగిన మంతనాల్లోకి హిండెన్‌బర్గ్ కొడుకు ఆస్కర్ కూడా వచ్చాడు. జనవరి 30న హిట్లర్ ఛాన్సలర్. మంత్రివర్గంలో అతనితో కలిపి నాజీలు ముగ్గురే: ఫ్రిక్‌కి హోం శాఖ, గోరింగ్‌కి ప్రష్యా పోలీసులు. మిగతా అంతా పాతకాపు సంప్రదాయవాదులు, వైస్ ఛాన్సలర్ పాపెనే. రెండు నెలల్లో హిట్లర్‌ని మూలకి నెట్టేస్తామని పాపెన్ తన మిత్రులకి ధీమాగా చెప్పాడు. ఈ మనిషిని 1946లో న్యూరెంబర్గ్ కోర్టు నిర్దోషిగా వదిలేసింది. చట్టప్రకారం సరే కావచ్చు, చరిత్ర దృష్టిలో ఇంతకంటే పెద్ద బాధ్యత మోయాల్సినవాళ్లు కొద్దిమందే ఉన్నారని నేను గట్టిగా నమ్ముతాను.

అయితే ఇదంతా చెప్పి ఓటర్లని వదిలేయడం అన్యాయం. 1932 ఆగస్టులో పొటెంపా అనే ఊళ్లో నాజీలు ఒక కమ్యూనిస్టు కార్మికుణ్ణి ఇంట్లోకి దూరి తల్లి కళ్ల ముందే కొట్టి చంపారు. మరణశిక్ష పడిన హంతకులకి హిట్లర్ బాహాటంగా సంఘీభావం తెలుపుతూ టెలిగ్రామ్ ఇచ్చాడు. అది పత్రికల్లో వచ్చింది. మూడు నెలల తర్వాత కూడా కోటీ 17 లక్షల మంది అతనికే ఓటేశారు. అధికారం చేతికిచ్చింది పిడికెడు మంది. వాళ్లు చేతికివ్వదగ్గ స్థాయికి అతన్ని పెంచింది ఈ కోటిమంది.

ఇక జనవరి 30 తర్వాత ఎనిమిది వారాలు కూడా పట్టలేదు. ఫిబ్రవరిలో గోరింగ్ నాజీ దళాల్లోంచి, వాళ్ల మిత్రుల్లోంచి 50,000 మందిని ప్రష్యాలో సహాయక పోలీసులుగా తీసుకున్నాడు. నిన్నటిదాకా వీధుల్లో కొట్టినవాళ్ల చేతికి ప్రభుత్వ పట్టీ వచ్చింది. ఫిబ్రవరి 27 రాత్రి రీచ్‌స్టాగ్ భవనం తగలబడింది. మర్నాడే, మళ్లీ 48 కిందే, హిండెన్‌బర్గ్ సంతకంతో వాక్ స్వాతంత్ర్యం, సభా హక్కు, ఉత్తరాల గోప్యత, అక్రమ అరెస్టు నుంచి రక్షణ అన్నీ పోయాయి. ఆ ఉత్తర్వు 1945 దాకా అమల్లో ఉంది. కమ్యూనిస్టు నాయకుల్లో చాలామంది జైళ్లలో ఉండగా మార్చి 5న ఎన్నికలు జరిగాయి. అప్పుడు కూడా నాజీలకి వచ్చింది 43.9 శాతమే.

మార్చి 23న క్రోల్ ఒపెరా హాల్లో సభ పెట్టి అధికారాల బదిలీ చట్టం తెచ్చారు. మంత్రివర్గమే చట్టాలు చేయొచ్చు, అవి రాజ్యాంగానికి విరుద్ధంగా ఉన్నా సరే. దీనికి మొత్తం సభ్యుల్లో మూడింట రెండొంతులు హాజరు కావాలి, వచ్చినవాళ్లలో మూడింట రెండొంతులు ఔననాలి. మొత్తం 647 మంది కాబట్టి 432 మంది హాజరుండాలి. 81 మంది కమ్యూనిస్టుల్ని ఎలాగూ రానివ్వరు. 120 మంది సోషల్ డెమోక్రాట్లు కూడా రాకపోతే, ఇంకో 15 మంది మానేసినా కోరం ఉండదు. అందుకని కారణం చెప్పకుండా రానివాళ్లని వచ్చినట్టే లెక్కించాలని గోరింగ్ సభా నియమాలే మార్పించాడు. హాల్లో, వరండాల్లో గోధుమరంగు చొక్కాల దళం నిలబడింది. సోషల్ డెమోక్రాట్ సభ్యుడు జూలియస్ లేబర్‌ని సభకి వస్తుంటే అరెస్టు చేశారు. కాథలిక్కుల సెంటర్ పార్టీకి హిట్లర్ హామీల ఉత్తరం ఇస్తానన్నాడు. ఉత్తరం రాలేదు, ఓట్లు మాత్రం పడ్డాయి. స్వాతంత్ర్యాన్నీ ప్రాణాన్నీ మా నుంచి లాక్కోగలరు, గౌరవాన్ని లాక్కోలేరు అని ఆ దళం మధ్యే నిలబడి చెప్పిన సోషల్ డెమోక్రాట్ నాయకుడు ఒట్టో వెల్స్ పార్టీ ఒక్కటే కాదంది. 444కి 94. ఔనన్నవాళ్లలో చిన్న ఉదారవాద పార్టీ సభ్యుడు థియోడర్ హ్యూస్ కూడా ఉన్నాడు, 1949లో పశ్చిమ జర్మనీ తొలి అధ్యక్షుడయ్యాడు. వైమార్ రాజ్యాంగాన్ని హిట్లర్ ఎన్నడూ రద్దు చేయలేదు. చేయాల్సిన అవసరం రాలేదు.

మిగతాది మీ పుస్తకాల్లో ఉన్నదే: మే 2న కార్మిక సంఘాలు, జూలై 14కల్లా మిగతా పార్టీలన్నీ పోయాయి. 1934 జూన్ 30న జరిగిన హత్యాకాండలో ష్లైఖర్‌ని, అతని భార్యని ఇంట్లోనే కాల్చేశారు. ఆగస్టు 2న హిండెన్‌బర్గ్ చనిపోయిన రోజే సైనికులు దేశానికీ రాజ్యాంగానికీ కాకుండా హిట్లర్ పేరు మీద ప్రమాణం చేశారు.

యుద్ధం దగ్గరికి వస్తే, దాన్ని తర్వాత వచ్చిన ఆలోచనగా చూడకండి. ఛాన్సలర్ అయిన నాలుగో రోజే, 1933 ఫిబ్రవరి 3న, తూర్పున భూమి ఆక్రమించడం గురించి హిట్లర్ జనరల్స్‌తో మాట్లాడాడు. 1936 మార్చిలో రైన్‌లాండ్‌లోకి సైన్యం వెళ్లింది. అదే ఆగస్టులో, నాలుగేళ్లలో సైన్యం, ఆర్థిక వ్యవస్థ యుద్ధానికి సిద్ధం కావాలని రహస్య పత్రం రాశాడు. ఆయుధాల ఖర్చుతో విదేశీ మారకం అడుగంటింది, 1938లో మింగిన ఆస్ట్రియా బంగారం, కార్మికులు ఆ లోటు కొంత తీర్చాయి. అడ్డుచెప్పాల్సిన మంత్రివర్గం 1938 ఫిబ్రవరి తర్వాత మళ్లీ కూర్చోలేదు. చెకోస్లోవేకియా మీద యుద్ధం వద్దన్న సైన్యం జనరల్ స్టాఫ్ అధిపతి లుడ్విగ్ బెక్ ఆగస్టులో రాజీనామా చేశాడు, పక్కవాళ్లు కదల్లేదు.

1938 సెప్టెంబర్ 27 సాయంత్రం జనంలో ఉత్సాహం చూడాలని ఒక సైనిక దళాన్ని బెర్లిన్ వీధుల్లో నడిపించారు. ఆఫీసుల నుంచి వస్తున్న జనం చప్పట్లు కొట్టలేదు, చాలామంది తలదించుకుని మెట్రో మెట్లు దిగిపోయారు. హిట్లర్ కిటికీలోంచి చూసి లోపలికి వెళ్లాడని అక్కడున్న విదేశీ విలేకరులు రాశారు. ఆ జనానికి యుద్ధం ఇష్టం లేదు. కానీ ఆ అయిష్టం ప్రభుత్వాన్ని తాకడానికి ఓటు లేదు, పత్రిక లేదు, సంఘం లేదు, కోర్టు లేదు. 1939 సెప్టెంబర్ 1న పోలండ్ మీదికి వెళ్లేటప్పుడు ఎవర్నీ అడగాల్సిన పని లేకపోయింది.

మీ జవాబులో చివరి పేరాకి పనికొచ్చేది ఒకటి చెబుతాను. 1949లో పశ్చిమ జర్మనీకి బాన్ నగరంలో కొత్త రాజ్యాంగం రాసినవాళ్లలో చాలామంది వైమార్‌ని చూసినవాళ్లే. అధ్యక్షుడి నుంచి ఉత్తర్వుల అధికారం తీసేశారు, ఆయన్ని నేరుగా జనం ఎన్నుకోవడం ఆపేశారు. మానవ గౌరవం, ప్రజాస్వామ్యం లాంటి మూల సూత్రాల్ని ఏ మెజారిటీతోనూ సవరించకుండా 79వ అధికరణంలో కట్టేశారు. 67వ అధికరణం ప్రకారం ఛాన్సలర్‌ని దించాలంటే కాదంటే చాలదు, అదే ఓటుతో కొత్త ఛాన్సలర్‌ని ఎన్నుకోవాలి. 1932 సెప్టెంబర్‌లో పాపెన్‌ని కాదన్న 512 మందీ ఇంకో పేరు మీద కలవగలిగేవాళ్లు కాదు కదా. ఈ పద్ధతిలో జర్మనీలో ఛాన్సలర్ మారింది ఇప్పటికి ఒక్కసారే, 1982 అక్టోబర్ 1న, హెల్ముట్ ష్మిట్ స్థానంలో హెల్ముట్ కోల్ వచ్చినప్పుడు.